కాళ్ళ దాకా దిగిన రక్తం మళ్ళీ గుండెకు ఎలా చేరుతుంది?

మీరు అడిగినవి రెండు. పాదాల దాకా దిగిన రక్తాన్ని పైకి లాగే పంపు పుస్తకంలోని బొమ్మలో ఎక్కడా కనిపించదేం అన్నది మొదటిది. గుండెలో కుడివైపు ఒక పంపు, ఎడమవైపు ఒక పంపు ఉన్నప్పుడు వాటిలో ఒకటి కాస్త ఎక్కువ తోస్తే ఏమవుతుంది అన్నది రెండోది. చాలా ఏళ్ళుగా ఫిజియాలజీ పాఠాలు చెబుతున్నాను. ఈ రెండు అనుమానాలూ రాకుండానే పరీక్ష గట్టెక్కేవాళ్ళే ఎక్కువ. ఎర్ర గీతలు, నీలం గీతలు గీసి బాణాలు పెడితే మార్కులు పడిపోతాయి మరి. కానీ రక్తప్రసరణ కిటుకంతా మీరు వేలు పెట్టిన చోటే ఉంది. గుండె ఎంత బలమైనదైనా తన దగ్గరికి తిరిగి వచ్చిన రక్తాన్నే పంపగలదు, అంతకు మించి చుక్క కూడా పంపలేదు. అందుకే ఈ జవాబులో వెళ్ళే దారి కన్నా వచ్చే దారి గురించే ఎక్కువ చెబుతాను.

వెళ్ళే దారి మీకు తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. శరీరమంతా తిరిగిన రక్తం రెండు మహాసిరల గుండా కుడి కర్ణికలో, అంటే గుండె పై గదిలో పడుతుంది. అక్కడి నుంచి కింది గది అయిన కుడి జఠరికకు, అది ముడుచుకోగానే పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది, ఆక్సిజన్ ఎక్కుతుంది. ఆ రక్తం ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమనిలోకి దూకుతుంది. బృహద్ధమని కొమ్మలు, రెమ్మలుగా చీలి చివరికి కంటికి ఆనని కేశనాళికలవుతుంది. అవి మళ్ళీ ఒకదానితో ఒకటి కలిసి సిరలవుతాయి. సిరలన్నీ కలిసి మహాసిరలవుతాయి. గుండెలోని నాలుగు కవాటాలూ రక్తాన్ని వెనక్కి రానివ్వవు. డాక్టరు స్టెతస్కోపులో వినే లబ్ డబ్ చప్పుడు ఆ కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చేదే.

ఇప్పుడు అంకెలు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఎడమ జఠరిక ఒక్కో దెబ్బకు దాదాపు 70 మిల్లీలీటర్లు బయటికి పంపుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే 4,900. అంటే ఒంట్లో రక్తం ఎంత ఉందో అంతా నిమిషంలో ఒకసారి గుండె గుండా వెళ్ళిపోతోంది. రోజుకు లక్ష దెబ్బలు, ఏడు వేల లీటర్లు.

ఈ చిన్న గుణకారమే ఒకప్పుడు పెద్ద తగువు తీర్చింది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన ప్రకారం తిన్న ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారవుతుంది, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయి, మళ్ళీ కొత్త రక్తం పుడుతుంది. యూరప్‌లో పధ్నాలుగు వందల ఏళ్ళు దీన్నే నమ్మారు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే లెక్క వేసి చూపించాడు. ఒక్కో దెబ్బకు గుండె పంపేది చాలా తక్కువని ఒప్పుకున్నా, అరగంటలో అది వెయ్యికి పైగా కొట్టుకుంటుంది కాబట్టి బయటికి పోయే రక్తం ఒంట్లో ఉన్న మొత్తాన్ని దాటిపోతుంది. అంత రక్తాన్ని తిండి నుంచి అరగంటకోసారి పుట్టించడం ఎవరి తరం? వెళ్ళినదే తిరిగి వస్తూ ఉండాలి. ఊపిరితిత్తుల గుండా రక్తం కుడి నుంచి ఎడమకు పోతుందని అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ అంతకు ఎంతో ముందే, 13వ శతాబ్దంలోనే రాశాడు. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక్క వాక్యమైనా దక్కకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే దానికి జవాబు తెలిస్తే మొదటిది సులువవుతుంది.

కుడి జఠరిక పంపిన రక్తం ఊపిరితిత్తులు దాటి ఎడమవైపుకే రావాలి, వేరే దారి లేదు. ఎడమ జఠరిక పంపింది శరీరం చుట్టి కుడివైపుకే చేరాలి. బొమ్మలో రెండు వలయాలుగా గీస్తారు గానీ, నిజానికి రెండు పంపులూ ఒకే వలయంలో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఇప్పుడు కుడిది ఎడమదాని కన్నా దెబ్బకు ఒక్క మిల్లీలీటరు ఎక్కువ తోసిందనుకోండి. నిమిషానికి 70 మిల్లీలీటర్లు ఊపిరితిత్తుల్లో మిగిలిపోతాయి. పది నిమిషాలకు 700. ఊపిరితిత్తుల నాళాల్లో మామూలుగా ఉండే రక్తమే అర లీటరు ప్రాంతంలో ఉంటుంది. అంటే గంట తిరగకుండానే మనిషి తన రక్తంలో తానే మునిగిపోవాలి. పుట్టినప్పటి నుంచీ అలా జరగడం లేదంటే రెండింటినీ సరిచూసే ఏర్పాటు ఏదో ఉండాలి.

ఆ ఏర్పాటు గుండె కండరంలోనే ఉంది. జఠరికలోకి రక్తం ఎక్కువ వచ్చి గోడ ఎంత సాగితే, తర్వాతి దెబ్బ అంత గట్టిగా పడుతుంది. కుడివైపు నుంచి ఒక మిల్లీలీటరు ఎక్కువ వచ్చిందా, ఎడమ జఠరిక ఆ కాస్త ఎక్కువ సాగి, ఆ కాస్తా బయటికి తోసేస్తుంది. మెదడు చెప్పక్కర్లేదు, హార్మోన్లు రానక్కర్లేదు. జర్మనీలో ఒట్టో ఫ్రాంక్, ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ దీన్ని ప్రయోగాలతో నిరూపించారు, అందుకే దీన్ని ఫ్రాంక్ స్టార్లింగ్ నియమం అంటారు. గుండె మార్పిడి చేసినప్పుడు కొత్త గుండెకు నరాలు తెగిపోయి ఉంటాయి. అయినా ఆ మనిషి లేచి నడుస్తాడు, మెట్లెక్కుతాడు. వచ్చే రక్తం పెరిగితే పంపేదీ పెరుగుతుంది కాబట్టే అది మొదట్లో సాధ్యమవుతుంది.

ఈ సరిచూసే ఏర్పాటు చాలనప్పుడు ఏమవుతుందో ఆసుపత్రిలో రోజూ కనిపిస్తుంది. ఎడమ జఠరిక బలహీనపడితే రక్తం దాని వెనకున్న ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అందుకే అలాంటివాళ్ళకు పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త హాయి. కుడి జఠరిక బలహీనపడితే దాని వెనకున్నది శరీరం కాబట్టి కాళ్ళు వాస్తాయి, మెడ సిరలు ఉబ్బుతాయి, కాలేయం పెద్దదవుతుంది. ఏ పంపు చెడిందో తెలుసుకోవాలంటే దాని వెనక ఎక్కడ నీరు చేరిందో చూడాలి. మా విద్యార్థులకు నేను మొదట నేర్పేది ఇదే.

గుండె వచ్చిందే పంపుతుందనడానికి ఇంకో రుజువు రక్తస్రావం. ప్రమాదంలో లీటరున్నర, రెండు లీటర్ల రక్తం పోయిన మనిషికి గుండె జబ్బేమీ లేదు, కండరం దివ్యంగా ఉంది. అయినా బీపీ పడిపోతుంది, ఎందుకంటే తిరిగి వచ్చేది తగ్గింది. అప్పుడు ముందు రక్తం పోయే చోటును ఆపి, సిరలోకి ద్రవమో రక్తమో ఎక్కిస్తారు. గుండె పంపడానికి దానికి సరుకు కావాలి కదా.

ఇక రక్తాన్ని నడిపించేది ఏమిటి? పీడనంలో తేడా. ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు రక్తం పోతుంది. 120/80 అని మనం చెప్పుకునేది పెద్ద ధమనుల్లోని పీడనం. పై అంకె గుండె ముడుచుకున్నప్పటిది, కింది అంకె గుండె వదులైనప్పటిది. సగటున 93 మిల్లీమీటర్ల పాదరసం వేసుకోండి. కుడి కర్ణికకు వచ్చేసరికి అది దాదాపు సున్నా. ఆ 93కూ సున్నాకూ మధ్య తేడాయే ప్రయాణమంతటికీ ఇంధనం. 120 అంటే ఎంతో ఊహించుకోవాలంటే, ధమనికి నిలువుగా ఒక గాజు గొట్టం తగిలిస్తే రక్తం దాదాపు మీటరున్నర ఎత్తు లేస్తుంది. ఇలాంటి పనిని స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు నిజంగానే ఒక గుర్రం మీద చేసి చూశాడు. 1733లో ప్రచురించిన వివరాల ప్రకారం రక్తం గొట్టంలో ఎనిమిది అడుగులకు పైగా లేచింది. బీపీ కొలవడం అలా మొదలైంది. మన చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి వచ్చినందుకు సంతోషించాలి.

ఊపిరితిత్తుల వైపు పీడనం చాలా తక్కువ, పుపుస ధమనిలో సగటున 15 మాత్రమే. వెళ్ళేది కూతవేటు దూరమే, పైగా అక్కడి గోడలు గాలి అటూ ఇటూ దాటేంత పలచన. గట్టిగా తోస్తే ద్రవం ఊరి గాలి గదుల్లో నిండుతుంది. అందుకే కుడి జఠరిక గోడ ఎడమదానితో పోలిస్తే మూడో వంతు మందం. రెండూ పంపేది ఒకే పరిమాణమైనా ఎదుర్కొనే ఒత్తిడి వేరు.

ధమనుల చివర, కేశనాళికలకు ముందు సన్నటి ధమనికలుంటాయి. వీటి గోడలో కండరం ఉంటుంది. ఏ అవయవానికి ఎంత రక్తం అన్న పంపకం జరిగేది ఇక్కడే. నాళం అడ్డుకొలత సగానికి తగ్గితే అందులో ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే ఈ కండరం రవ్వంత బిగిసినా, రవ్వంత వదులైనా తేడా బోలెడు. విశ్రాంతిలో మూత్రపిండాలకు మొత్తంలో అయిదో వంతు పోతుంది. అదంతా వాటి సొంత అవసరానికి కాదు, రక్తాన్ని వడకట్టాలి కాబట్టి అంత వాటా. మెదడు బరువు ఒంట్లో యాభయ్యో వంతే గానీ దానికి 15 శాతం దాకా పోతుంది. పరుగెత్తడం మొదలెట్టగానే కథ మారిపోతుంది. గుండె నిమిషానికి 20 లీటర్లు దాటి పంపుతుంది, అందులో 80 శాతం దాకా కండరాలకే. పేగులు, మూత్రపిండాలు సర్దుకుంటాయి. మెదడు వాటా మాత్రం కొలతలో పెద్దగా మారదు.

కేశనాళికల దగ్గర కాసేపు ఆగుదాం. రక్తం ఇంత దూరం వచ్చింది దీని కోసమే, మిగతావన్నీ రవాణా గొట్టాలు. వీటి అడ్డుకొలత 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. ఎర్ర రక్తకణం అడ్డుకొలత 7 నుంచి 8 మైక్రాన్లు. చాలా చోట్ల నాళం కన్నా కణమే పెద్దది. అది వంగి, మడత పడి, ఒకదాని వెనక ఒకటిగా గోడలు రాసుకుంటూ వెళ్తుంది. గోడ మందం ఒకే ఒక్క కణం. ఒంట్లో దాదాపు ఏ కణమైనా ఏదో ఒక కేశనాళికకు మిల్లీమీటరులో పదో వంతు దూరంలోపే ఉంటుంది. ఆక్సిజన్ తనంతట తాను పాకి చేరగలిగే దూరం అంతే మరి.

బృహద్ధమనిలో రక్తం సెకనుకు సగటున 20, 30 సెంటీమీటర్లు పోతుంది. కేశనాళికలో అర మిల్లీమీటరు ప్రాంతంలో పోతుంది. ఇంత నెమ్మది ఎందుకు? సన్నటి గొట్టంలో వేగం పెరగాలి కదా అని అడుగుతారు. ఒక్కోటీ సన్ననిదే గానీ కోట్ల కొద్దీ ఉన్నాయి. వాటి నోళ్ళన్నీ కలిపితే బృహద్ధమని నోటి కన్నా వందల రెట్లు వెడల్పు. కాలువలో ఉరికిన నీళ్ళు చేలోకి మళ్ళి పరుచుకోగానే నెమ్మదించినట్టే ఇదీను. ఆ నెమ్మది వల్లే ఒకటి రెండు సెకన్లు వ్యవధి దొరుకుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఆక్సిజన్, గ్లూకోజ్ దిగాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కాలి. మీ వేలి గోరును గట్టిగా నొక్కి వదిలి చూడండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు వస్తుంది. ఖాళీ అయిన కేశనాళికలు తిరిగి నిండటమే మీరు చూసింది. అవయవాలకు రక్తం చాలని స్థితిలో, అంటే షాక్‌లో ఉన్నవాళ్ళకు అత్యవసర విభాగంలో ఇదే పరీక్ష చేస్తారు. నాలుగైదు సెకన్లు పట్టిందంటే డాక్టరుకు టెన్షన్ మొదలైనట్టే.

హార్వే ఈ కేశనాళికలను చూడకుండానే 1657లో చనిపోయాడు. ధమని నుంచి సిరకు రక్తం ఎలాగో దాటుతుందని మాత్రం గట్టిగా నమ్మాడు. 1661లో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీఘీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తిని చూస్తూ ఆ దారిని కనిపెట్టాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. కేశనాళికలు దాటి సిరల్లోకి వచ్చేసరికి పీడనం 15కు పడిపోయింది. పాదం నుంచి గుండె వరకు నిలువెత్తున ఎక్కాలి. 15తో అంత ఎత్తు ఎలా?

ఇక్కడ ఒక లెక్క చాలామంది మర్చిపోతారు. నిలబడ్డ మనిషిలో గుండె నుంచి పాదం దాకా ఉన్న రక్తం బరువు పాదం దగ్గర దాదాపు 90 మిల్లీమీటర్ల పీడనం అదనంగా వేస్తుంది. ఆ 90 ధమనిలోనూ పడుతుంది, సిరలోనూ పడుతుంది. పాదంలో ధమని పీడనం 93 కాదు, 180 దాకా ఉంటుంది. సిరలో 90 పైన ఉంటుంది. రెండింటి మధ్య తేడా పడుకున్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. దిగే వైపు భూమి ఎంత సాయం చేస్తుందో ఎక్కే వైపు అంతే అడ్డుపడుతుంది, లెక్క చెల్లు. నాళాలు ఇనప గొట్టాలైతే మీ ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోయేది.

కానీ సిరలు ఇనప గొట్టాలు కావు, పలచటి గోడలతో మెత్తగా ఉంటాయి. ఒంట్లోని రక్తంలో 60 శాతానికి పైగా ఏ క్షణంలో చూసినా సిరల్లోనే ఉంటుంది. 90 మిల్లీమీటర్ల ఒత్తిడి పడితే ధమని చలించదు, సిర మాత్రం ఉబ్బుతుంది. పడుకున్నవాడు లేచి నిలబడగానే అర లీటరు రక్తం కాళ్ళ సిరల్లోకి జారుతుంది. రక్తం ఎక్కడికీ పోలేదు, ఒంట్లోనే ఉంది, కానీ గుండెకు తిరిగి రావడం లేదు. గుండెకు సంబంధించినంత వరకు అది పోయినట్టే లెక్క. అసలు చిక్కు రక్తం పైకి ఎక్కడం కాదు, కింద సిరల్లో గూడుకట్టుకోవడం.

దీనికి విరుగుడు నాలుగు చోట్ల ఉంది. అన్నిటికన్నా గొప్పది పిక్క. కాలి లోతైన సిరలు కండరాల మధ్య నుంచి పోతాయి. అడుగు వేసినప్పుడు పిక్క కండరం బిగిసి సిరను పిండుతుంది. సిర లోపల అక్కడక్కడా పైవైపుకే తెరుచుకునే కవాటాలున్నాయి కాబట్టి పిండిన రక్తం పైకే పోతుంది. కండరం వదులవగానే ఖాళీ అయిన సిరలోకి కింది నుంచి, పైపై సిరల నుంచి రక్తం వచ్చి చేరుతుంది. కదలకుండా నిలబడ్డప్పుడు పాదం సిరలో 90 ఉన్న పీడనం నడుస్తున్నప్పుడు 30 దాకా దిగిపోతుంది. పిక్కను రెండో గుండె అనడం అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండోది ఊపిరి. గాలి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గుతుంది, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం దిగి కడుపులో పీడనం పెరుగుతుంది. దాంతో రక్తం కడుపులోని మహాసిర నుంచి ఛాతీలోకి జరుగుతుంది. మూడోది సిరల గోడల్లోని కండరం. నరాల నుంచి కబురు అందగానే సిరలు బిగుసుకుని, దాచుకున్న రక్తాన్ని ముందుకు తోస్తాయి. నాలుగోది గుండె కొట్టుకునే తీరు. జఠరిక ముడుచుకునేటప్పుడు కర్ణిక అడుగును కిందికి లాగుతుంది, అందువల్ల కర్ణికలో చోటు పెరిగి సిరల నుంచి రక్తం వచ్చి పడుతుంది. లాగే పంపు లేదన్నారు కదా, ఈ ఒక్కటీ కొంచెం అలాంటిదే. కానీ దాని వాటా చిన్నది.

ఇదంతా మాటల్లో చెప్పడం కన్నా మీ చేతి మీదే చూడొచ్చు. చేతిని కిందికి వేలాడదీయండి. అరచేతి వెనక సిరలు ఉబ్బుతాయి. ఇప్పుడు చేతిని వదులుగా ఉంచి మెల్లగా పైకి ఎత్తుతూ పోండి. గుండె ఎత్తు దాటిన కాసేపటికి సిరలు అణిగిపోతాయి. అవి అణిగిన ఎత్తే మీ సిరల్లోని పీడనానికి కొలత. మెడ సిర ఎంత ఎత్తు దాకా ఉబ్బి ఉందో చూసి గుండె జబ్బును అంచనా వేయడం వెనకున్నదీ ఇదే సూత్రం. ఇంకోటి హార్వే చేసిందే. ముంజేతి మీద స్పష్టంగా కనిపించే పొడుగాటి సిరను ఎంచుకుని, మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రాస్తూ రక్తాన్ని తుడిచేసి, ఆ వేలు తీసేయండి. పై నుంచి రక్తం కాస్త దిగి, ఒక చోట కవాటం దగ్గర ఆగిపోతుంది, మధ్య ముక్క ఖాళీగానే ఉంటుంది. మొదటి వేలు తీయగానే కింది నుంచి చటుక్కున నిండుతుంది. రక్తం సిరల్లో ఒకే దిక్కుకు పోతుందని దీన్ని మించిన రుజువు నాకు తెలియదు. పరికరం రెండు వేళ్ళే.

నిలబడగానే జారిన అర లీటరు సంగతి మెదడుకు తెలిసేది మెడలోని ధమనుల ద్వారా. అక్కడ గోడలో సాగుదలను పసిగట్టే నరాల కొసలుంటాయి. బీపీ రవ్వంత తగ్గగానే అవి కబురంపుతాయి, కొన్ని సెకన్లలో గుండె వేగం పెరుగుతుంది, ధమనికలూ సిరలూ బిగుస్తాయి. పెద్ద వయసులో, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు, కొన్ని బీపీ మందులు వాడేటప్పుడు ఈ సర్దుబాటు ఆలస్యమై లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి. గంటల కొద్దీ కదలకుండా నిటారుగా నిలబడ్డ కుర్ర సైనికులు కవాతు మైదానంలో దబ్బున పడిపోవడమూ ఇందుకే. గుండె బాగుంది, వయసు చిన్నది, కానీ పిక్కలు పని చేయలేదు. పడిపోయినవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్ళు లేపి కూర్చోబెట్టబోతారు. అది చేయకూడదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పడితే కాళ్ళలో నిలిచిన రక్తం వచ్చి గుండెలో పడుతుంది, మనిషి తేరుకుంటాడు. నిజానికి పడిపోవడంతోనే సగం వైద్యం అయిపోయింది.

మీ బొమ్మలోని నీలం గీతల గురించి కూడా ఒక ముక్క. సిరల్లో తిరిగి వచ్చే రక్తం నీలంగా ఉండదు, ముదురు ఎరుపు. చర్మం గుండా వెలుగు వెళ్ళి తిరిగొచ్చే తీరు వల్ల బయటికి నీలంగా కనిపిస్తుంది. అందులో ఆక్సిజన్ అయిపోయి ఉంటుందన్నదీ నిజం కాదు. ధమనుల్లో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ 98 శాతం దాకా నిండి ఉంటే, విశ్రాంతిలో ఉన్న మనిషి సిరల రక్తంలో ఇంకా 75 శాతం ఉంటుంది. తెచ్చినదాంట్లో నాలుగో వంతే దించి వచ్చిందన్నమాట. పరుగెత్తినప్పుడు కండరాలు ఆ మిగులు నుంచే ఇంకా తీసుకుంటాయి. గుండె కండరానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అది కూర్చున్నప్పుడే 70 శాతం దాకా తీసేసుకుంటుంది. ఇంకా కావాలంటే గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లో ప్రవాహం పెరగాల్సిందే. ఆ ధమని పూడుకుంటే మెట్లెక్కగానే ఛాతీ పట్టేసేది అందుకే. పైగా ఎడమ జఠరిక గోడలోకి రక్తం ఎక్కువగా పోయేది గుండె వదులైనప్పుడే, బిగిసినప్పుడు తన నాళాలను తానే నొక్కేసుకుంటుంది.

బొమ్మలో లేని పక్కదారులు రెండున్నాయి. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయానికి పోయి, అక్కడ రెండోసారి సన్నటి నాళాల్లో పరుచుకుని, ఆ తర్వాతే మహాసిరలో కలుస్తుంది. తిన్నది ఒళ్ళంతా తిరిగే ముందు కాలేయం ఒకసారి తనిఖీ చేస్తుంది. మింగిన మాత్రల్లో కొన్నిటి పస అక్కడే సగానికి సగం పోతుంది. రెండోది లింఫ్. కేశనాళికల గోడ నుంచి రోజూ కొన్ని లీటర్ల ద్రవం కణాల మధ్యకు ఊరి, అంతా తిరిగి లోపలికి రాదు. మిగిలినదాన్ని లింఫ్ నాళాలు ఏరుకొచ్చి మెడ కింద సిరల్లో పోస్తాయి. ఆ దారి పూడుకుంటే కాలు వాచి అలాగే ఉండిపోతుంది, బోదకాలులో జరిగేది అదే.

చివరగా, ఈ మ్యాపు అర్థమైందో లేదో తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటి చెప్పి జవాబు కూడా ఇచ్చేస్తాను. రోజుల తరబడి మంచం మీద ఉన్న మనిషికి పిక్కలోని లోతైన సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊడిపోతే ఎక్కడ ఇరుక్కుంటుంది? మెదడులో అంటారు చాలామంది. కాలి సిర నుంచి మహాసిరకు, కుడి కర్ణికకు, కుడి జఠరికకు వెళ్ళే దారిలో నాళాలు అంతకంతకూ వెడల్పే అవుతాయి, గడ్డ ఎక్కడా ఆగదు. మొదటిసారి దారి సన్నబడేది ఊపిరితిత్తుల్లో. కాబట్టి అక్కడే ఇరుక్కుంటుంది, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అదే రోజు డాక్టరుకు చూపించుకోమని చెప్పేది, ఆపరేషన్ అయిన మర్నాడే రోగిని లేపి నడిపించేది దీని భయంతోనే. మెదడుకు పోయే అవకాశం అసలే లేదా అంటే, ఒక సందు ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులతో పని లేదు కాబట్టి రెండు కర్ణికల మధ్య గోడలో ఒక రంధ్రం ఉంటుంది, రక్తం అక్కడి నుంచే ఎడమవైపుకు దాటుతుంది. పుట్టాక అది మూసుకుంటుంది. పెద్దవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి మాత్రం పూర్తిగా అతుక్కోకుండా చిన్న తలుపులా మిగిలిపోతుంది. దానివల్ల ఇబ్బంది పడేవాళ్ళు చాలా తక్కువే. కానీ కాలి సిరలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులను తప్పించుకుని మెదడుకు చేరడానికి ముఖ్యమైన దారి అదే. వయసులో ఉన్నవాళ్ళకు కారణం తెలియకుండా పక్షవాతం వస్తే డాక్టర్లు గుండెకు స్కాన్ తీయించి ఆ తలుపు కోసం వెతుకుతారు.